చెకుముకి తుపాకి: పాతదియు, పాతవంటిదియు

చెకుముకి రాతిని ఇనుముతో కొట్టి, దూదిపై రవ్వ పడవేసి చుట్ట వెలిగించుకొనిన పెద్దలనుగూర్చి మీరు వినియే యుందురు. ఆ రవ్వనే తుపాకికి ఉపయోగించిన యంత్రము 17వ శతాబ్దారంభమున ఫ్రాన్సు దేశమున రూపొందెను. మీట నొక్కగానే, రాతిని కఱచిపట్టిన గుఱ్ఱము ముందునకు దూకి ఉక్కుపలకను రాచును. రవ్వలు రంజకపు గిన్నెలో పడును. ఆ మంట సన్నని రంధ్రముగుండ గొట్టములోని మందునకు అంటుకొనును.

18వ శతాబ్దమున అమెరికాలోని పెన్సిల్వేనియా సీమకు వలసవచ్చిన జర్మను, స్విస్ కమ్మరులు తమ దేశపు పొట్టి వేట తుపాకిని క్రొత్త అడవులకు తగినట్లు మార్చిరి. గొట్టము 42 అంగుళములకును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పెరిగినది. రంధ్రము సన్నగిల్లుటచే సీసమును మందును ఆదాయైనవి. గొట్టములోపల మెలిక తిరిగిన చాళ్లు ఉండుటచే గుండు బొంగరమువలె తిరుగుచు సూటిగా పోవును. లోకులు దీనిని కెంటకీ రైఫిలందురు గాని, దీని పుట్టినిల్లు పెన్సిల్వేనియాయే.

ఇప్పుడు మన ప్రశ్న. 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున, ముఖ్యముగా 1976లో అమెరికా స్వాతంత్ర్య ద్విశతాబ్ది ఉత్సవములనాటికి, ఈ తుపాకులపై మోజు మిక్కుటమైనది. ఇటలీలోని గార్డోనె పట్టణమున 1957లో స్థాపితమైన పెదెర్సోలి మొదలగు కర్మాగారములు వీనిని యంత్రములపై చేసి అమ్మినవి. ఇవి పేలును, గుఱిని కొట్టును. అయినను వీనిని పూర్వపు తుపాకికి నిజమైన ప్రతులని చెప్పవచ్చునా?

పరికించి చూచినచో భేదములు కనబడును. పూర్వపు గొట్టము పలుమాఱు సమానమైన కడ్డీవంటిది కాదు. మందుండు చోట లావుగాను, నడుమ సన్నముగాను, మూతివద్ద మరల కొంచెము విచ్చుకొనియు నుండును. అందుచే చేతిలో తేలికగా తూగును. కర్మాగారపు గొట్టము తఱచుగా ఆసాంతము ఒకే మందము. కనుక ముందువైపు బరువు. పూర్వులు పులిచారలవంటి రేఖలుగల మేపుల్ కఱ్ఱను ఏకఖండముగా చెక్కిరి. చవుక తుపాకులలో కొన్ని రెండు ముక్కల కొయ్యతో చేసినవి. ఆ అతుకును ఇత్తడి రేకు దాచును. పాత యంత్రమున పలక స్ప్రింగులుండగా, కొన్నిటిలో నేటి చుట్టల స్ప్రింగులు చేరినవి.

వీనికంటె సూక్ష్మమైన దోష మొకటి కలదు. లాంకాస్టరు, బెత్లెహేము, రెడింగు పనివాండ్రకు వేర్వేరు సంప్రదాయములు. కొయ్య వంపు, ఇత్తడి పెట్టె మూత, నగిషీ ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరు. కర్మాగారము అన్నిటినుండియు కొంత కొంత గ్రహించును. వేర్వేరు తాళపత్ర ప్రతుల పాఠములను కలిపి, ఏ లేఖకుడును వ్రాయని గ్రంథమును అచ్చువేసినట్లున్నది ఈ పని. చదువుటకు బాగుండును, కవి పాఠము మాత్రము కాదు.

అట్లని పూర్వులు సర్వమును స్వహస్తముతోనే చేసిరనుటయు పొరపాటే. యంత్రములను పెక్కింటిని ఇంగ్లండునుండి, జర్మనీనుండి కొనిరి. ఇత్తడి, కఱ్ఱ, కూర్పు వారివి. ఒక్క మనిషి అన్నిటిని తానే చేయవచ్చునని విలియమ్స్‌బర్గు పట్టణమున వాలెస్ గుస్లరను శిల్పి నిరూపించెను. ఇనుపపట్టెను కాల్చి గొట్టముగా చుట్టుట మొదలు సర్వమును అతడు చేయుట 1969 నాటి చలనచిత్రమున చూపబడినది. కర్మాగారపు వస్తువును ఇట్టి దానితో పోల్చి నిందించుట న్యాయము కాదు. తక్కువ వెలకు, నేర్చుకొనువాని చేతికి, పూర్వపు రీతిని అందించినదది. నా మట్టుకు అది చాలును.

అయితే దానిని తాతలనాటిదని చెప్పి అమ్మువాడు వేఱు. కొనువాడు గొట్టమును కొయ్యనుండి విప్పించి చూడవలెను. ఇటలీలో ప్రతి గొట్టమును ప్రభుత్వ పరీక్షాలయమున అధికమైన మందుతో పేల్చి, నిలిచినచో ముద్ర వేయుదురు. సంవత్సరమును తెలుపు సంకేతాక్షరములును ప్రక్కనే యుండును. ఆ చోట ఆకురాయి పెట్టిన గుర్తు కనబడెనా, బేరము మాని లేవవలెను.