నర్సు ఎదుటే మాత్ర.. ఎందుకంటే?

‘నెలకు సరిపడా మాత్రలు రాసిచ్చేయండి డాక్టరుగారూ. రోజూ ఆసుపత్రికి వస్తుంటే నలుగురికీ తెలిసిపోతుంది’. మత్తు ఇంజెక్షన్లకో నొప్పి మాత్రలకో అలవాటుపడిన కుర్రాడి తల్లిదండ్రులు ముందుగా అనే మాట ఇదే. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. పోలవరం లాంటి ఊళ్లో పొద్దున ఆసుపత్రి మెట్లెక్కితే సాయంత్రానికి వీధంతా ‘ఏమైందండీ?’ అని అడుగుతుంది. కానీ ఈ చికిత్సలో ఏ మందు ఇస్తున్నామనేది ఎంత ముఖ్యమో, దాన్ని ఎవరి ఎదుట వేసుకుంటున్నారనేదీ అంతే ముఖ్యం.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. మనవైపు మత్తు అనగానే గంజాయే గుర్తుకొస్తుంది. ఈ చికిత్స గంజాయికి కాదు, దానికి ఇలాంటి ప్రత్యామ్నాయ మందు లేదు. ఇది నల్లమందు జాతి మత్తులకు. హెరాయిన్ ఒక్కటే అనుకోకండి. పెంటాజొసిన్ ఇంజెక్షన్లు, ట్రమడాల్ మాత్రలు, కోడీన్ కలిసిన దగ్గుమందు కూడా ఈ కోవలోవే. వెన్నునొప్పికో ఆపరేషన్ తర్వాతో మొదలైన ట్రమడాల్ నొప్పి తగ్గినా వదలకపోవచ్చు. అందుకే 2018లో దాన్ని మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) పరిధిలోకి తెచ్చారు. అయినా పాత చీటీ పట్టుకుని కొనాలని చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

నాలుక కింద ఏం జరుగుతుంది?

ఈ మత్తులు ఒక్కసారిగా ఆపితే ఒళ్లంతా నొప్పులు, ముక్కూ కళ్లూ కారడం, వాంతులు, విరేచనాలు, నిద్రలేమి. ఆ బాధ తట్టుకోలేకే చాలామంది మళ్లీ మొదలుపెడతారు. బుప్రెనార్ఫిన్ అనే మాత్ర మెదడులో అవే గ్రాహకాలను పట్టుకుంటుంది. అయితే సగమే పనిచేస్తుంది. ఒక స్థాయి దాటాక మోతాదు పెంచినా ప్రభావం అంతగా పెరగదు. తపన తగ్గుతుంది, కుర్రాడు పనికి వెళ్లగలుగుతాడు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మూడో దశలో (2007-12) సూదులు పంచుకునేవారికి హెచ్ఐవీ సోకకుండా ఈ చికిత్సను ప్రభుత్వ కార్యక్రమంలో చేర్చారు. బుప్రెనార్ఫిన్, మెథడోన్ రెండూ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి.

మాత్రను మింగితే పెద్దగా పనిచేయదు, నాలుక కిందే కరగాలి. అందుకే నర్సు దాన్ని పొడిచేసి నాలుక కింద వేస్తారు. కొన్ని నిమిషాలు కూర్చోబెట్టి, నోరు తెరిపించి చూస్తారు. ఇది అనుమానం కాదు. ఇంటికిస్తే కొందరు నీళ్లలో కలిపి సూదితో ఎక్కించుకుంటారు, కొందరు అమ్ముకుంటారు. మొదటి మోతాదుకైతే ఈ కాపలా మరీ అవసరం. పాత మత్తు ఒంట్లో ఇంకా ఉండగానే వేస్తే, తగ్గించాల్సిన బాధే ఉన్నపళంగా విరుచుకుపడుతుంది. వారాలు గడిచి మనిషి నిలకడగా ఉంటే, కొన్ని రోజుల మందు ఇంటికిచ్చే వీలుంటుంది.

మింగడం చూడటమనే పద్ధతి మనకేమీ కొత్త కాదు. టీబీ మందులు ఆశా కార్యకర్త ఎదుట వేసుకోవడం మీరు చూసే ఉంటారు. దాని మూలాలు మన పక్కనే ఉన్నాయి. 1956లో మద్రాసులో పెట్టిన క్షయ కీమోథెరపీ కేంద్రం, శానిటోరియంలో పడుకోబెట్టకుండా ఇంటిదగ్గర ఉంచి వైద్యం చేసినా నయమవుతుందని 1959లో ప్రపంచానికి చూపింది. రోగి మందు సరిగ్గా వేసుకునేలా పర్యవేక్షణ ఎలా ఉండాలన్న ప్రయోగాలూ తర్వాత అక్కడే జరిగాయి.

తిరిగొచ్చిన కుర్రాడు

ఇక్కడ కాస్త ఆగి చదవండి. డీ-అడిక్షన్ కేంద్రం నుంచో జైలు నుంచో ఇంటికొచ్చిన తొలివారాలే అత్యంత ప్రమాదకరం. మత్తు లేని రోజుల్లో శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. మనసుకు మాత్రం పాత లెక్కే గుర్తుంటుంది. ఒక్కసారికని పాత మోతాదు వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. నిద్రమాత్రలో మద్యమో తోడైతే ఇంకా ప్రమాదం.

పిలిచినా లేవకపోవడం, కంటిపాప గుండుసూది తలంతగా చిన్నబోవడం, గురక, పెదవులు నీలం తిరగడం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. శ్వాస ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఉప్పునీళ్లు తాగించడం, చన్నీళ్లు కొట్టడం, పట్టుకుని నడిపించడం వద్దు. ఏం వాడాడో దాచకుండా చెప్పండి. నలొక్సోన్ ఇంజెక్షన్ ఊపిరిని తిరిగి తెప్పించగలదు. దాని ప్రభావం త్వరగా తగ్గిపోతుంది కాబట్టి లేచి కూర్చున్నాడని వెంటనే ఇంటికి తీసుకెళ్లిపోకూడదు.

స్విట్జర్లాండ్‌లోని బెర్న్ (1986), సిడ్నీ (2001), వాంకూవర్ (2003) నగరాల్లో ఇంకో అడుగు ముందుకేశారు. అలవాటుపడినవాళ్లు తమ మత్తు తామే తెచ్చుకుని నర్సుల ఎదుట వాడుకునే గదులు పెట్టారు. అక్కడ శుభ్రమైన సూదులు, ఆక్సిజన్, నలొక్సోన్ ఉంటాయి. వినగానే ‘ఇదేం చోద్యం’ అనిపిస్తుంది. మన చట్టం ప్రకారం మత్తుమందు వాడటమే నేరం, ఇక్కడ అలాంటి గదికి తావులేదు. మన పల్లెలకు అవి కావాలని నేనూ అనను. కానీ ఒంటరిగా, తలుపు గడియ వేసుకుని వాడినవాడే ఎక్కువగా చనిపోతాడన్నది అక్కడా ఇక్కడా ఒకటే.

మనకు కావలసింది ఆ గది కాదు, రోజువారీ మందు ఊరికి దగ్గర్లో దొరకడం. పోలవరం నుంచి రాజమహేంద్రవరానికో కాకినాడకో రోజూ ఎవరు తిరగగలరు? బస్సు ఛార్జీలు, పోయిన కూలి కలిపితే వారానికే చికిత్స మానేస్తారు. శిక్షణ పొందిన వైద్యుడు, నర్సు, తాళం వేసే బీరువా, పక్కాగా రాసే రిజిస్టరు ఉంటే సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఇది అసాధ్యమేం కాదు.

కూరలో కలిపే పొడి

మనవైపు ఎక్కువ ఇళ్లను కూల్చేది మద్యమే కాబట్టి దీనిగురించీ చెప్పాలి. ‘ఆయనకు తెలియకుండా కూరలో కలిపెయ్యండి, తాగుడు మానేస్తాడు’ అంటూ అమ్మే పొడులను కొనకండి. వాటిలో డైసల్ఫిరామ్ ఉండొచ్చు. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉంటే ప్రాణమే పోవచ్చు. అదే మందును గుండె, కాలేయ పరీక్షలు చేశాక, ఆయన ఒప్పుకుని, భార్య ఎదుట రోజూ వేసుకుంటే పనిచేస్తుంది. చివరి మాత్ర వేసుకున్నాక రెండు వారాల దాకా మద్యం తగలకూడదు.

పోలీసు కేసవుతుందని భయపడేవారికి: కొద్ది పరిమాణం లేదా వాడకం కేసులో, స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు చేరిన వ్యసనపరుడికి ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, కేంద్ర ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ అది. ఇంట్లోవాళ్లకు నిద్ర కరవై మనసు కుంగితే టెలి-మానస్ 14416 ఉంది. రెండింటికీ ఛార్జీ ఉండదు.