కాలేయంలో కొవ్వుకీ ఆయాసానికీ ఏమిటి సంబంధం?

పొట్ట స్కానింగ్‌లో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని రాగానే, ఆస్తమాకి ఏళ్లుగా ఇన్‌హేలర్ పీలుస్తున్నవాళ్లకు ఒక భయం పట్టుకుంటుంది. ఈ మందు వల్లే లివర్ పాడైందేమోనని కొందరు చెప్పాపెట్టకుండా మానేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఈ రెండు జబ్బులకూ సంబంధం ఉన్నమాట నిజమే, కానీ దాని దారి వేరు.

పెద్దవాళ్లలో ఈ రెండూ కలిసి కనిపించడం ఎక్కువేనని పలు అధ్యయనాల్లో తేలింది. ఫ్యాటీ లివరే ఆస్తమా తెస్తుందని మాత్రం రుజువు కాలేదు. రెండింటి వెనకా తరచుగా కనిపించేది పొట్ట లోపలి కొవ్వు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం. అందుకే మద్యం ముట్టనివాళ్లకూ ఫ్యాటీ లివర్ వస్తుంది.

పొట్టలోని ఆ కొవ్వు ఊరికే కూర్చోదు. ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి, వాపు పెంచే రసాయనాలను రక్తంలోకి వదులుతుంది. అవి అందగానే కాలేయం, వాపుకి గుర్తుగా రక్తపరీక్షలో చూసే సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ని తయారుచేస్తుంది. వాపును అదుపులో ఉంచే అడిపోనెక్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, వాపును పెంచే లెప్టిన్ పెరుగుతుంది. ఈ రక్తమే ఊపిరితిత్తులకూ వెళ్తుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు ఒళ్లు దాన్ని ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది; అది అలా మితిమీరితే శ్వాసనాళాల చుట్టూ ఉండే కండరం ఇంకా గట్టిగా బిగుసుకుంటుందని ప్రయోగశాలల్లో చూశారు.

దీనికి బరువు తోడవుతుంది. పెరిగిన పొట్ట ఉదరవితానాన్ని పైకి నెడితే, ఊపిరితిత్తుల అడుగు భాగం పూర్తిగా విచ్చుకోదు. అక్కడి సన్నని గొట్టాలు ముడుచుకుంటాయి. వెల్లకిలా పడుకుంటే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. నడివయసులో, ముఖ్యంగా లావుగా ఉన్న ఆడవాళ్లలో మొదలయ్యే ఆస్తమా కొన్నిసార్లు పీల్చే స్టెరాయిడ్‌కి అంతగా లొంగదు. అలాగని లావుగా ఉన్నవాళ్ల ఆయాసమంతా ఆస్తమా కాదు. గొట్టంలోకి ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్ష చేయించుకుంటేనే తెలుస్తుంది.

మరి మందుల మాటేమిటి? పీల్చే స్టెరాయిడ్ బుడెసొనైడ్ ఒక్కో మోతాదు 200 మైక్రోగ్రాములు ఉంటే, అటాక్ వచ్చినప్పుడు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రోజుకి 40 మిల్లీగ్రాములు మింగాల్సి రావచ్చు. మందులు వేరు కాబట్టి ఆ అంకెలను నేరుగా పోల్చలేం గానీ, పీల్చిన మందు చాలావరకు ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తుంది. మింగిన మాత్ర ఒళ్లంతా తిరిగి, పదేపదే వాడితే షుగర్‌నీ బరువునీ కాలేయంలో కొవ్వునీ పెంచుతుంది. ఇన్‌హేలర్ మానేసినవాళ్లకే అటాక్‌లు ఎక్కువై, చివరికి ఆ మాత్రలే దిక్కవుతాయి. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో వాటిని మళ్లీ మళ్లీ కొనుక్కునే అలవాటే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

బరువు తగ్గితే రెండింటికీ మేలు. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. 6 నుంచి 8 కిలోలు తగ్గితే కాలేయంలో వాపూ దిగుతుంది, ఆస్తమా కూడా అదుపులోకి వచ్చే అవకాశం పెరుగుతుంది. మన దేశంలో నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. నాలుగడుగులు వేయగానే ఎగశ్వాస వస్తుంటే నడక మానేయొద్దు. నడకకు ముందు ఏ మందు పీల్చాలో డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి.