మెయిల్ సర్వరు స్పందించకపోవడం (లినక్సు)

లినక్సు నిర్వహణ వ్యవస్థపై నడిచే మెయిల్ సర్వరును వేరొక కంప్యూటరు కనెక్షను కోరినపుడు జవాబు రాకపోవడాన్ని సర్వరు స్పందించకపోవడం అంటారు. ఇది ఒక లోపం కాదు, అనేక లోపాలకు ఉమ్మడి లక్షణం. యంత్రం ఆగిపోయినా, ప్రోగ్రాము ఆగిపోయినా, ఫైర్‌వాలు అడ్డుపడినా, డిఎన్ఎస్‌లో చిరునామా తప్పుగా ఉన్నా వాడుకరికి కనిపించేది ఒకటే: మెయిలు రావడం లేదు. అందువలన మరమ్మతుకు ముందు జరగవలసిన పని లోపం ఏ చోట ఉన్నదో గుర్తించడం.

అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతం. బోరుబావులపై ఆధారపడిన ఇక్కడి రైతుకు ఈ విషయం కొత్త కాదు. మోటారు తిరగకపోవడం వేరు, మోటారు తిరుగుతున్నా నీరు రాకపోవడం వేరు. మొదటిదానికి స్టార్టరును, ఫ్యూజును చూస్తారు. రెండవదానికి పైపును, నీటి మట్టాన్ని చూస్తారు. మెయిల్ సర్వరు విషయంలోనూ పరీక్షా క్రమం ఇటువంటిదే.

నేపథ్యం

మెయిలు రవాణాకు ఆధారమైన ఎస్ఎమ్‌టిపి నియమావళిని 1982లో జాన్ పోస్టెల్ ఆర్ఎఫ్‌సి 821 అనే పత్రంగా వెలువరించాడు. సర్వర్లు పరస్పరం మెయిలు ఇచ్చిపుచ్చుకునేది 25వ పోర్టు ద్వారా. వాడుకరులు తమ మెయిలును పంపుటకు 587 లేదా 465, చదువుకొనుటకు ఐమ్యాప్ 143, 993 లేదా పాప్ 110, 995 పోర్టులు ఉన్నాయి. రవాణా పనిని సెండ్‌మెయిల్, ఎగ్జిమ్ (1995), పోస్ట్‌ఫిక్స్ (1998) వంటి ప్రోగ్రాములు చేస్తాయి. చదువుకొనే సదుపాయాన్ని తరచుగా డవ్‌కాట్ (2002) అందిస్తుంది. ఈ రెండూ వేర్వేరు ప్రోగ్రాములు. డవ్‌కాట్ ఆగిపోయినపుడు మెయిళ్ళు సర్వరుకు చేరుతూనే ఉంటాయి, వాడుకరి మాత్రం ఏమీ రావడం లేదని అనుకొంటాడు. కాబట్టి ఏ పోర్టు పలకడం లేదో ముందుగా తేల్చుకోవాలి.

నిశ్శబ్దంలో రకాలు

టెల్నెట్ ఆదేశంతో సర్వరు యొక్క 25వ పోర్టును పిలిస్తే, అంతా సవ్యంగా ఉన్నపుడు 220 అనే అంకెతో మొదలయ్యే పలకరింపు వస్తుంది. అది రానపుడు ఏమి జరిగిందో జాగ్రత్తగా గమనించాలి. సగం రోగనిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

"కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని తక్షణమే వస్తే యంత్రం సజీవంగా ఉన్నదనీ, దారి తెరిచే ఉన్నదనీ, ఆ పోర్టు వద్ద వినేవారు లేరనీ సాధారణ అర్థం. ప్రోగ్రాము ఆగిపోయి ఉండవచ్చు. లేదా అది సర్వరు లోపలి చిరునామా అయిన 127.0.0.1 వద్ద మాత్రమే వింటూ ఉండవచ్చు. రెడ్‌హ్యాట్, సెంట్‌ఓఎస్ పంపిణీలలో సెండ్‌మెయిల్, పోస్ట్‌ఫిక్స్ రెండూ స్థాపించిన వెంటనే ఇలాగే ఉంటాయి. సర్వరులో కూర్చొని పరీక్షిస్తే పలుకుతుంది, బయటినుండి పలకదు. పోస్ట్‌ఫిక్స్‌లో ఇనెట్ ఇంటర్‌ఫేసెస్ అనే అమరిక విలువను మార్చి, ప్రోగ్రామును ఆపి తిరిగి ప్రారంభించాలి. ఈ అమరికకు రీలోడ్ చాలదు.

చాలాసేపు వేచిన తరువాత "కనెక్షన్ టైమ్‌డ్ అవుట్" అని వస్తే ప్యాకెట్లు దారిలో ఎక్కడో మాయమవుతున్నాయి. యంత్రం ఆగిపోయి ఉండవచ్చు, ఫైర్‌వాలు చప్పుడు చేయకుండా ప్యాకెట్లను పారవేస్తూ ఉండవచ్చు, లేదా డిఎన్ఎస్‌లో పాత ఐపి చిరునామా మిగిలి ఉండవచ్చు. ఈ సందర్భంలో పోస్ట్‌ఫిక్స్ అమరికలను ఎంత దిద్దినా ప్రయోజనం లేదు.

"నో రూట్ టు హోస్ట్" అనే సందేశం చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. దీనిని చూసి రౌటరును, తీగలను వెదుకుతారు. సెంట్‌ఓఎస్ వంటి పంపిణీలలో ఇది తరచుగా సర్వరులోని ఫైర్‌వాలే పంపే తిరస్కారం. 25వ పోర్టును అనుమతించగానే సమస్య తీరిపోతుంది.

కనెక్షను కుదిరి, పలకరింపు మాత్రం రాకపోవడం అన్నిటికంటే చిక్కైనది. టిసిపి కనెక్షనును అంగీకరించేది మెయిల్ ప్రోగ్రాము కాదు, లినక్సు కెర్నలు. అందువలన ప్రోగ్రాము ఊపిరాడని స్థితిలో ఉన్నా కనెక్షను కుదిరినట్లే కనిపిస్తుంది. పోస్ట్‌ఫిక్స్‌లో ఒక్కొక్క సేవకు ఏకకాలంలో 100 ప్రక్రియలే సహజ పరిమితి. స్పాము వెల్లువలో అవన్నీ నిండిపోతే కొత్తగా వచ్చినవారు వరుసలో నిలబడవలసిందే. మరొక కారణం డిఎన్ఎస్. వచ్చినవారి ఐపి చిరునామాకు పేరు ఏమిటో వెదికిన తరువాతనే పోస్ట్‌ఫిక్స్ పలకరిస్తుంది. రిజాల్వ్ కాన్ఫ్ ఫైలులో సూచించిన నేమ్ సర్వరు పనిచేయకపోతే ఆ వెదుకులాటలోనే కాలం గడచిపోతుంది.

సర్వరు వద్ద పరీక్ష

ఏ పోర్టు వద్ద ఏ ప్రోగ్రాము వింటున్నదో ఎస్ఎస్ ఆదేశం చూపుతుంది. పూర్వం ఇదే పనికి నెట్‌స్టాట్ వాడేవారు. సిస్టమ్‌డి ఉన్న పంపిణీలలో సేవ స్థితిని సిస్టమ్‌సిటిఎల్ ద్వారా తెలుసుకోవచ్చు. వీటికంటే విలువైనది మెయిల్ లాగ్. బయటినుండి పరీక్షిస్తూ లాగ్‌ను గమనించాలి. కొత్త వరుస ఒక్కటి కూడా పడకపోతే కనెక్షను ఆ ప్రోగ్రాము వరకు రానేలేదని అర్థం.

డిస్కులో ఖాళీ ఉన్నదా అని చూసేటపుడు ఐనోడ్‌లను కూడా లెక్కించాలి. మెయిల్‌డిర్ పద్ధతిలో ప్రతి మెయిలూ ఒక ఫైలు గనుక, గిగాబైట్లు మిగిలి ఉండగానే ఐనోడ్‌లు అయిపోవచ్చు.

విద్యుత్ కోతల తరువాత

అనంతపురం వంటి చోట కళాశాల గానీ స్వచ్ఛంద సంస్థ గానీ సొంత గదిలో సర్వరు నడుపుకొంటే మొదట అనుమానించవలసినది విద్యుత్తును. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను పట్టి పీడించిన స్థాయి కోతలు ఇప్పుడు లేకపోయినా, యుపిఎస్ బ్యాటరీ బలహీనపడితే చిన్న అంతరాయం కూడా చాలు.

నెలల క్రితం చేతితో ప్రారంభించిన సేవను, యంత్రంతో పాటు మొదలయ్యేలా నమోదు చేయకపోతే, కరెంటు తిరిగి వచ్చినపుడు యంత్రం లేస్తుంది, సేవ లేవదు. బయట కనిపించేది "కనెక్షన్ రెఫ్యూజ్డ్". ఫైలు వ్యవస్థ దెబ్బతిని, ఎఫ్ఎస్‌సికె మధ్యలో ఆగి నిర్వాహకుని సంకేతపదం కోసం ఎదురుచూస్తుంటే దీపాలు వెలుగుతాయి గానీ నెట్‌వర్కు మొదలు కాదు. బయట కనిపించేది "టైమ్‌డ్ అవుట్". స్థిర ఐపి లేని కనెక్షను అయితే కొత్త చిరునామా వచ్చి, డిఎన్ఎస్ పాతదాన్నే చూపుతూ ఉండవచ్చు.

గడియారం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. యంత్రంలోని గడియారం భారత కాలమానంలో ఉండగా లినక్సు దానిని యుటిసిగా భావిస్తే కాలం ఐదున్నర గంటలు ముందుకు పోతుంది. తరువాత ఎన్‌టిపి దానిని వెనక్కు సరిచేస్తుంది. డవ్‌కాట్ 1వ తరం ప్రోగ్రాములు కాలం వెనక్కు నడిచినట్లు గమనిస్తే ఆ సంగతి లాగ్‌లో వ్రాసి తమంతట తామే ఆగిపోయేవి. 2.0 నుండి ఈ ప్రవర్తనను తొలగించారు. నాణెం ఆకారపు బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కు పోతే మరొక చిక్కు: ఆ యంత్రం ఇతరుల భద్రతా ధ్రువపత్రాలను ఇంకా అమలులోకి రానివిగా భావిస్తుంది.

బయటినుండి పరీక్షించేటపుడు

చాలా ఇంటర్నెట్ సంస్థలు స్పామును అరికట్టుటకు ఇళ్ళ కనెక్షన్లనుండి 25వ పోర్టుకు దారి మూసివేస్తాయి. కాబట్టి ఇంటినుండి పరీక్షించి సర్వరు చనిపోయిందని నిర్ధారించరాదు. వేరొక సర్వరు నుండి చూడాలి. కళాశాలలో వందలమంది ఒకే ఐపి చిరునామా వెనుక ఉంటారు. వారిలో ఒకరి ఫోను పాత సంకేతపదంతో పదేపదే ప్రయత్నిస్తే, ఫెయిల్‌టుబ్యాన్ ఆ చిరునామాను నిషేధించి ప్రాంగణం మొత్తాన్ని వెలివేస్తుంది. ప్రాంగణానికి బయట ఉన్నవారికి మాత్రం అదే సర్వరు చక్కగా పలుకుతూ ఉంటుంది.

మెయిళ్ళ భద్రత

సర్వరు పలకనంత మాత్రాన మెయిళ్ళు నశించవు. పంపే సర్వరు వాటిని తన వరుసలో ఉంచుకొని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఈ గడువు కనీసం 4-5 రోజులు ఉండాలని ఆర్ఎఫ్‌సి 5321 (2008) చెబుతున్నది. పోస్ట్‌ఫిక్స్‌లో సహజ గడువు 5 రోజులు. ఆలస్యమైనదని పంపినవారికి హెచ్చరిక పంపే అమరిక మాత్రం సహజంగా ఉండదు. శుక్రవారం సాయంత్రం ఆగిన సర్వరు సోమవారం ఉదయం లేచినా సాధారణంగా మెయిళ్ళన్నీ చేరుతాయి. ఇంటర్వ్యూ పిలుపు, దరఖాస్తు గడువు వంటివి మాత్రం చేరీ పనికిరాకుండా పోవచ్చు.

నిజమైన నష్టం తరచుగా తొందరపాటు మరమ్మతు వలన కలుగుతుంది. ఫైర్‌వాలును పూర్తిగా తీసివేసి, మైనెట్‌వర్క్స్ అమరికలో ప్రపంచంలోని చిరునామాలన్నిటినీ చేర్చితే సర్వరు ఎవరి మెయిలునైనా మోసే బహిరంగ వాహకం అవుతుంది. స్పాము పంపేవారు దానిని త్వరలోనే కనిపెడతారు, సర్వరు చిరునామా నిషేధ జాబితాలకు ఎక్కుతుంది. అలాగే అసంపూర్ణమైన అమరికతో సర్వరును తెరిస్తే, అది ఉన్న వాడుకరినే లేడని 550 సంకేతంతో తిరస్కరించవచ్చు. అప్పుడు పంపే సర్వరు ఇక ప్రయత్నించదు, మెయిలు వెంటనే వెనక్కు పోతుంది. పోస్ట్‌ఫిక్స్‌లో సాఫ్ట్ బౌన్స్ అనే అమరికను మరమ్మతు జరిగినంతసేపు అమలులో ఉంచితే ఇటువంటి శాశ్వత తిరస్కారాలు తాత్కాలికమైనవిగా మారి, ఆ మెయిళ్ళు పంపినవారి వరుసలోనే నిలిచి ఉంటాయి.