ఎర్రబడిన చెట్టును కాదు, పక్కనున్న పచ్చని చెట్టును చూడాలి

మన సంఘం కుటుంబాల పిల్లలు చాలామంది ఇప్పుడు కెనడాలో ఉన్నారు. పడమటి కొండల నుంచి వాళ్లు పంపే ఫోటోల్లో అడవి అక్కడక్కడ ఎర్రగా కనిపిస్తే ‘ఎంత బాగుందో’ అని మనం ముచ్చటపడతాం. కానీ పైన్ చెట్టు ఏడాది పొడుగునా పచ్చగా ఉండేది. అది నిలువెల్లా ఎర్రబడిందంటే ప్రాణం పోయినట్టే. చాలాచోట్ల దాన్ని చంపేది బియ్యపు గింజంత నల్లటి పెంకు పురుగు.

జూలై, ఆగస్టు నెలల్లో ఆడ పురుగు బెరడు తొలిచి లోపలికి పోతుంది. తన వాసనతో మిగతా పురుగులను పిలుస్తుంది. చెట్టు కూడా ఊరుకోదు, బంక కార్చి వాటిని బయటకు నెడుతుంది. ఒకటీ అరా అయితే చెట్టే గెలుస్తుంది. వందలు ఒక్కసారిగా మీద పడితే ఆ బంక చాలదు. బెరడు కింద పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన పిల్ల పురుగులు అక్కడి మెత్తని పొరను తింటూ చలికాలం గడుపుతాయి. పురుగులతో వచ్చిన నీలి బూజు చెట్టు పైకి నీళ్లు పోయే దారిని మూసేస్తుంది.

అయినా చెట్టు వెంటనే రంగు మారదు. మరుసటి వేసవికి గాని ఎర్రబడదు. అది బాగా ఎర్రబడి మన కంట పడేసరికి కొత్త పురుగులు ఎగిరి పక్క చెట్లకు చేరి ఉంటాయి. అప్పుడు ఆ ఒక్క చెట్టును నరికి ఊరుకుంటే, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే.

దాడి చేయి దాటితే ఏమవుతుందో బ్రిటిష్ కొలంబియాలో తెలిసింది. అక్కడ 1990లలో మొదలైన దాడి సుమారు 1.8 కోట్ల హెక్టార్లకు పాకింది. ఇది ఇప్పటి ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణం కంటే ఎక్కువ. అమ్మకానికి పనికొచ్చే పైన్ కలపలో సగానికి పైగా పోయింది. తర్వాత కలప కరువై కొన్ని మిల్లులు మూతపడ్డాయి. 2006లో పురుగులు రాకీ పర్వతాలు దాటి పెద్ద ఎత్తున ఆల్బర్టాలోకి వచ్చాయి. ముఖ్య కారణాలు రెండు. ఏళ్ల తరబడి కార్చిచ్చులను ఆర్పుతూ రావడంతో ముదురు పైన్ చెట్లు పేరుకుపోయాయి. పిల్ల పురుగులను చంపే మైనస్ 40 డిగ్రీల చలి రోజులు తగ్గిపోయాయి.

అందుకే అటవీ సిబ్బంది ఆకాశం నుంచి ఎర్ర చెట్లను గుర్తించి, వాటి చుట్టూ ఉన్న పచ్చని చెట్లను నడిచి పరీక్షిస్తారు. కాండం మీద బంక ముద్దలు, పగుళ్లలో రంపపు పొట్టులాంటి పొడి కనిపిస్తే పురుగు చేరినట్టు. అలాంటి చెట్లను పురుగు ఎగరకముందే, చలికాలంలో కొట్టి కాల్చేస్తారు. దట్టమైన చోట కొన్ని చెట్లు తీసేస్తే మిగిలినవి నీరు, వెలుగు అంది బలపడతాయి. ఇళ్ల దగ్గరి చెట్లకు ‘ఇక్కడ చోటు లేదు’ అని పురుగులకు తెలిపే వెర్బినోన్ వాసన సంచులు కడతారు. కాండానికి మందు కొట్టేదీ పురుగు రాకముందే. లోపల దూరాక ఆ పైమందు చెట్టును కాపాడలేదు.

అక్కడున్న మన పిల్లలకు ఫోనులో ఈ నాలుగు మాటలు చెబుదాం. పెరట్లో పైన్ చెట్టు ఉంటే వేసవి చివర కాండాన్ని ఒకసారి చూసుకోవాలి. బంక ముద్దలు కనిపిస్తే అటవీ శాఖకు తెలపాలి. బెరడుతో ఉన్న పైన్ కట్టెలను ఒక ఊరి నుంచి మరో ఊరికి తీసుకుపోకూడదు. ఎండిన చెట్టు తొందరగా అంటుకుంటుంది, గాలికి కూలుతుంది, కాబట్టి ఇంటి పక్కన దాన్ని నిలవనివ్వకూడదు.