గాలికిని వెలుగుకును చట్టమేల?

ధర్మవరము నుండి కదిరి మీదుగా పాకాలకు పోవు రైలుమార్గముపై ముదిగుబ్బ యొక స్టేషను. 2022 ఏప్రిల్ వఱకు అనంతపురము జిల్లాలో ఉండిన ఈ ఊరు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. ఈ సీమలో ఏడాదికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అదియును వేరుసెనగ విత్తుటకు ఒకమాఱు వచ్చి, ఊడలు దిగు వేళకు ముఖము చాటువేయుట కలదు. వాన విషయమున ఇంత పిసినారియైన ప్రకృతి ఎండ విషయమునను, గాలి విషయమునను చేయి వెనుదీయలేదు. రామగిరి గుట్టలపై 1990 దశకముననే గాలిమరలు నిలిచినవి. నంబులపూలకుంట వద్ద 2016లో 250 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము పని ప్రారంభించినది.

గాలిని గాని వెలుగును గాని ఎవరును దున్ని పండింపలేదు. వానికి పట్టాలు లేవు, పొలిమేర రాళ్ళు లేవు. అట్టివానికి చట్టముతో పనియేమి యని శ్రోతలు అడుగవచ్చును. గాలి ఎవరిదియు కాకపోయినను, గాలిమర నిలుచు నేల ఎవరికో ఒకరికి ఆధారము. అందు పుట్టిన విద్యుత్తును ఎవరో ఒకరు కొనవలెను. ఆ వెల తుదకు మన ఇంటి బిల్లులో చేరును. కావున నేల, వెల, ఈ రెంటికంటె విశాలమైన వాతావరణము అను మూడు విషయములలో చట్టము ఇటీవల ఎట్లు నడచినదో చెప్పదలచితిమి.

మన పర్యావరణ చట్టములు ప్రధానముగా పొగకును మురికికిని విరుగుడుగా పుట్టినవి. 1974లో జలకాలుష్య నివారణ చట్టము, 1981లో వాయుకాలుష్య నివారణ చట్టము, 1984 నాటి భోపాల్ దుర్ఘటన తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చినవి. ఈ చివరిదాని క్రింద 2006లో కేంద్రప్రభుత్వము ఒక ప్రకటన వెలువరించి, ఏయే పనులకు ముందుగా పర్యావరణానుమతి పొందవలెనో పట్టిక వేసినది. గనులు, సిమెంటు కర్మాగారములు, బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రములు ఆ పట్టికలో కలవు. గాలిమరలు లేవు. పొగ లేనిచోట పరీక్ష యేల యను భావమే దీనికి మూలమని తోచును.

ఆ భావములోని కొఱత మన పొరుగుననే బయటపడినది. చెన్నేకొత్తపల్లి పరిసరములలోని కొన్ని గ్రామములవారు, టింబక్టు కలెక్టివ్ అను సంస్థ తోడ్పాటుతో, 1990 దశకారంభము నుండి కల్పవల్లి యను పేర వేలాది ఎకరముల గుట్టబీడును కాచుకొనిరి. నిప్పు పడకుండ కావలి ఉండిరి, గింజలు చల్లిరి, తమంతట మొలచిన మొక్కను నఱుకకుండ కాపాడిరి. ఏండ్లు గడచిన కొలది గడ్డి లేచినది, చెట్టు నిలిచినది, గొఱ్ఱెలకు మేత దొరికినది. ఇంత జరిగినను రెవిన్యూ దస్త్రములలో ఆ నేల బంజరుగనే నిలిచినది. 2010 తరువాత అచ్చట గాలిమరలు పెట్టుటకు ఒక సంస్థకు అనుమతి లభించినది. గాలిమర ఆక్రమించు చోటు కొంచెమే కావచ్చును. కాని దాని రెక్కలను మోసికొని వచ్చు పెద్ద బండ్లకు వెడల్పైన బాటలు కావలెను. ఆ బాటలకై చెట్లు కొట్టిరి, గుట్టచరియలు తొలచిరి. వివాదము జాతీయ హరిత ట్రిబ్యునలు వఱకు పోయినది.

ఇందు చెడు గాలిమరదని మేము చెప్పము. పొగలేని విద్యుత్తు మనకు కావలసినదే. దస్త్రములో బంజరు అని వ్రాసినంతనే ఆ నేలపై ఎవరికిని బ్రతుకు లేదని తలచుటలోనే దోషము కలదు. కాపరికి అది మేత, చెఱువుకు అది నీటిదారి. చట్టము చూడవలసినది దస్త్రమును మాత్రమే కాదు, నేలను కూడ.

నేలతో పాటు నీటి మాట వచ్చినది. మన రాష్ట్రమున 2002 నాటి జల, భూమి, వృక్ష చట్టము కలదు. ప్రజలు దీనిని వాల్టా యందురు. క్రొత్త బోరు వేయుటకును, చెట్టు కొట్టుటకును అధికారుల అనుమతి పొందవలెనని దీని సారాంశము. బోరులు ఎండి అప్పులపాలైన రైతు కుటుంబములు గల ఈ సీమలో ఇంతకంటె దగ్గఱి చట్టము వేఱొకటి లేదు.

ఇక వాతావరణము. బట్టమేకపిట్ట యను పెద్ద పక్షి పచ్చికబయళ్ళలో బ్రతుకును. ఒకప్పుడు మన రోళ్ళపాడు పచ్చికలో దాని రక్షణకే 1988లో అభయారణ్యము ఏర్పఱచిరి. రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రములలో ఈ పక్షులు విద్యుత్తీగలకు తగిలి చచ్చుచున్నవను వ్యాజ్యములో, తీగలను భూమిలో పాతవలెనని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించినది. సౌరవిద్యుత్తుకు ఇది పెద్ద ఆటంకమని ప్రభుత్వము విన్నవింపగా, 2024 మార్చి 21న న్యాయస్థానము ఆ యాదేశమును సడలించి, నిపుణుల సంఘమును నియమించినది. ఆ తీర్పులోనే, వాతావరణ మార్పు దుష్ఫలితముల నుండి రక్షణ పొందుట రాజ్యాంగము 14, 21 అధికరణముల క్రింద పౌరుల హక్కు అని పలికినది. కఱవుసీమ రైతునకు ఈ మాట చిన్నది కాదు. ఎండలు ముదిరి, వాన తప్పినపుడు మొదట దెబ్బ తినువాడు అతడే. పొగ విడుచుటలో అతని పాలు అత్యల్పము.

మూడవది వెల. గాలి, సౌరవిద్యుత్తులను కొనుటకు పంపిణీ సంస్థలు సాధారణముగా 25 ఏండ్లకు ఒప్పందములు చేసికొనును. పాత ఒప్పందముల ధర హెచ్చుగా ఉన్నదని, దానిని తగ్గించుటకై 2019 జులై 1న రాష్ట్రప్రభుత్వము ఒక సంఘమును నియమించినది. ఉత్పత్తిదారులు హైకోర్టుకు పోయిరి. ఆ సెప్టెంబరులో ఏకన్యాయమూర్తి తాత్కాలికముగా యూనిటుకు గాలివిద్యుత్తునకు 2 రూపాయల 43 పైసలు, సౌరవిద్యుత్తునకు 2 రూపాయల 44 పైసలు చెల్లింపుమనిరి. 2022 మార్చి 15న డివిజను బెంచి దానిని త్రోసిపుచ్చి, ఒప్పందపు ధరనే చెల్లింపవలెనని తీర్పు చెప్పినది. వ్రాసిన మాట నిలువనిచో ఎవరును పెట్టుబడి పెట్టరనుట నిజము. ఒప్పందము వ్రాయునపుడే వినియోగదారుని జేబును తలచుకొనవలెననుటయు అంతే నిజము.

ఈ మూడు చర్చలును మన యొక్క రాష్ట్రమునకే పరిమితము కావు. పసిఫిక్ సముద్రములోని వనువాటు అను చిన్న ద్వీపదేశము చొరవ తీసికొనగా, ఐక్యరాజ్యసమితి మహాసభ 2023లో అంతర్జాతీయ న్యాయస్థానము అభిప్రాయమును కోరినది. 2025 జులై 23న ఆ న్యాయస్థానము, వాతావరణమును కాపాడుట దేశములకు దయాధర్మము కాదు, అంతర్జాతీయ చట్టము విధించిన బాధ్యత యని అభిప్రాయము తెలిపినది. ఇది సలహారూపమైనదే, అయినను రాబోవు వ్యాజ్యములకు ఊతమగును.

ఇన్ని తీర్పులు వచ్చినను, తన హక్కు తాను తెలిసికొననివానికి చట్టము తనంతట తలుపు తట్టదు. పొలమును కౌలుకు అడుగ వచ్చినపుడు కొన్ని సంగతులు ముందుగనే కాగితముపై వ్రాయించుకొనవలెను: కౌలు ఎన్ని ఏండ్లకొకమాఱు పెరుగును? సంస్థ చేతులు మాఱినచో చెల్లించువారెవరు? గడువు తీరిన పిమ్మట కాంక్రీటు పునాదులను తీసివేయువారెవరు? ప్రభుత్వము పంచియిచ్చిన భూమి యైనచో, 1977 నాటి అసైన్డు భూముల చట్టమును తెలిసినవారి నడిగి తెలిసికొనవలెను. విద్యుత్ నియంత్రణ మండలి ధరలు నిర్ణయించుటకు ముందు జరుపు బహిరంగ విచారణలో సామాన్య వినియోగదారుడును మాటాడవచ్చును.

పర్యావరణమునకు హాని కలిగినచో, 2010 నాటి చట్టము క్రింద ఏర్పడిన హరిత ట్రిబ్యునలు దక్షిణ శాఖ చెన్నైలో కలదు. వివాదమును సాధారణముగా ఆఱు నెలలలోపల దాని ముందుంచవలెను. నష్టపరిహారము కోరుటకు గడువు ఐదేండ్లు. బాట కొఱకు మొదటి చెట్టు కూలిననాడే అడుగవలసిన ప్రశ్నను, గాలిమర తిరుగుట మొదలైన పిదప అడిగిన లాభము తక్కువ. గ్రామసభలో అందఱును కూర్చుండి ముందే అడుగుట మేలు.