కాలిఫోర్నియా బాదం: గోదాము నుంచి రేవు దాకా కాపలా ఎవరిది?

హైదరాబాదు బేగంబజారు వంటి టోకు మార్కెట్లకు వచ్చే అమెరికా బాదం కాలిఫోర్నియా రాష్ట్రంలో పండినదే. ప్రపంచ బాదం ఉత్పత్తిలో సుమారు 80 శాతం ఆ ఒక్క రాష్ట్రానిది. విదేశాల్లో ఆ సరుకును ఎక్కువగా కొంటున్నది భారతదేశం. ఓడ ఎక్కడానికి ముందు ఈ సరుకు మధ్య లోయలోని గోదాముల నుంచి ఓక్లాండ్ రేవుకు లారీల మీద చేరుతుంది. బేకర్స్‌ఫీల్డ్ ప్రాంతం నుంచి అయితే ఈ దారి సుమారు 450 కిలోమీటర్లు. దారి పొడవునా అజమాయిషీ కాలిఫోర్నియా హైవే పెట్రోల్ సంస్థది.

1929లో ఏర్పడిన ఈ సంస్థకు అధిపతి గవర్నరు నియమించే కమిషనరు. 1995లో రాష్ట్ర పోలీసు విభాగం కూడా ఇందులో విలీనమైంది. ఫ్రీవేలు, నగరాల పరిధికి వెలుపలి రోడ్లు దీని అధీనంలో వున్నాయి. నగర వీధుల బాధ్యత స్థానిక పోలీసులది. వేగం మించిన కార్లను పట్టుకోవడమే దీని పని అనుకోవడం పొరపాటు. సరుకు లారీల తనిఖీ ఇందులో పెద్ద భాగం.

కాటా, బ్రేకులు

ప్రధాన రహదారులపై ఈ సంస్థ కాటా కేంద్రాలు నడుపుతున్నది. బండి, సరుకు కలిపి మొత్తం బరువు 80,000 పౌన్లు, అంటే సుమారు 36.3 టన్నులు మించరాదు. ఒంటి ఇరుసుపై 20,000 పౌన్లు, జంట ఇరుసులపై 34,000 పౌన్లు పరిమితి. మొత్తం బరువు సరిపోయినా ఒక ఇరుసుపై భారం ఎక్కువైతే తప్పే. అదనపు సరుకు దింపమని అధికారి ఆదేశించవచ్చు. బ్రేకులు, టైర్లలో ప్రమాదకరమైన లోపం కనిపిస్తే, బాగుచేసేదాకా లారీ కదలడానికి వీల్లేదు. అలా ఒక రోజు ఆలస్యమైతే ఓడ తప్పిపోయే అవకాశం వున్నది.

దొంగ కాగితాలతో లోడు

సరుకు చోరీల నిరోధానికి సంస్థలో ప్రత్యేక బృందాలు వున్నాయి. జీడి, బాదం, పిస్తా వంటి పప్పులు విలువైనవి, త్వరగా చెడిపోవు, వాటిపై క్రమసంఖ్యలు వుండవు. అందుకే దొంగల కన్ను వీటిపై పడింది. నిజమైన రవాణా కంపెనీ పేరుతో నకిలీ కాగితాలు చూపి, గోదాము దగ్గరే లోడు ఎత్తుకొని పోవడం ఒక పద్ధతి. 2021 జూన్‌లో ట్యులేర్ కౌంటీలో 42,000 పౌన్ల పిస్తా మాయమైన సంగతి ఆ కంపెనీ లెక్కల తనిఖీలో బయటపడింది. కౌంటీ పోలీసులు సరుకును పట్టుకొనేటప్పటికే దానిని పెద్ద బస్తాల నుంచి చిన్న సంచుల్లోకి మార్చడం మొదలైంది.

నష్టం ఎవరిది?

రహదారి పోలీసులు రోడ్డు మీద లారీని ఆపి చూడగలరు. గోదాము గేటు దగ్గర డ్రైవరు ఎవరో చూసుకోవలసింది మాత్రం సరుకు అప్పగించే వారే. ఆ తరువాత నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నది బేరం షరతును బట్టి వుంటుంది. ఎక్స్ వర్క్స్ బేరమైతే గోదాములో సరుకు అప్పగించినప్పటి నుంచే బాధ్యత కొనుగోలుదారుది. ఎఫ్.ఓ.బి. అయితే సరుకు ఓడ ఎక్కేదాకా అమ్మకందారుది. ధరలో తేడా చూసి ఎక్స్ వర్క్స్‌కు ఒప్పుకొనే దిగుమతిదారు, ఓక్లాండ్ దాకా లారీ ప్రయాణం తన బీమాలో చేరిందో లేదో ముందే సరిచూసుకోవాలి. లారీ నంబరు, డ్రైవరు పేరు, సీలు నంబరు ముందురోజే రప్పించుకొని, సరుకు అప్పగించే ముందు గోదాములో పోల్చి చూడమనడం ఖర్చులేని జాగ్రత్త.