డిస్కులో చోటు ఎటు పోయింది?

డబ్బా మీద ఒక టెరాబైటు అని ముద్రించి ఉంటుంది. ఇంటికి తెచ్చి విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే 931 గిగాబైట్లే కనబడతాయి. ఒక్క ఫైలైనా దాచకముందే మిగిలిన 69 ఏమైనట్లు? కొన్నేళ్ళు వాడిన తరువాత చిక్కు మరింత పెరుగుతుంది. కనబడే ఫోల్డర్లన్నీ కలిపి కూడితే 300 గిగాబైట్లకు మించవు. కంప్యూటరు మాత్రం 420 నిండినవని చెబుతుంది. డిస్కు నిండిందన్న హెచ్చరిక రాగానే అమెరికాలోని మన ఇళ్ళలో మొదటి వేటు పడేది ఫోటోల మీద, వీడియోల మీద. అమ్మమ్మ చెప్పిన కబుర్లు, ఊళ్ళో జరిగిన పెళ్ళి, పిల్లల తొలి అడుగులు, ఇలా తిరిగి తీయడానికి వీలులేనివే ముందుగా పోతాయి. చోటు మింగినవి చాల సందర్భాలలో అవి కానే కావు.

కొత్త డిస్కులో కనిపించే లోటు అసలు లోటే కాదు, కొలతలలోని తేడా. పూర్వం మన సంతలలో కచ్చా సేరు, పక్కా సేరు అని రెండు ఉండేవి. ఏ సేరో తేల్చుకోకుండా బేరమాడినవాడికి ఇంటికి వచ్చాక గాని తేడా తెలిసేది కాదు. ఇక్కడా అంతే. డిస్కు తయారుచేసేవారి లెక్కలో గిగాబైటు అంటే సరిగ్గా వంద కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో 1024ను మూడు మార్లు వేసి గుణించగా వచ్చే 107,37,41,824 బైట్లు. లక్ష కోట్ల బైట్లను ఈ పెద్ద సేరుతో కొలిస్తే 931 వస్తుంది. బైటు ఒక్కటి కూడ పోలేదు. ఈ తేడాపై ఈ దేశంలో వినియోగదారులు కోర్టులకు కూడ ఎక్కారు. 2006లో వెస్టర్న్ డిజిటల్, 2007లో సీగేట్ సంస్థలు రాజీ కుదుర్చుకున్నాయి. పెద్ద కొలతకు 'గిబిబైటు' అన్న వేరే పేరును అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లోనే ఖాయం చేసింది గాని, ఇళ్ళలో ఆ మాట వాడేవారు అరుదు. ఆపిల్ 2009లో మాక్ కంప్యూటర్లను వంద కోట్ల లెక్కకు మార్చివేసింది. విండోస్ పాత పద్ధతినే కొనసాగిస్తున్నది.

వాడుతూండగా మాయమయ్యే చోటు సంగతి వేరు. దీనికి యజమానులు ఉన్నారు. వారు మనకు కనబడరు, అంతే. ఫోల్డర్లను కూడినప్పుడు మొత్తం కుదరకపోవడానికి కారణం ఇదే. మీకు చూసే అనుమతి లేని ఫోల్డర్లు, దాచి ఉంచిన ఫోల్డర్లు ఆ కూడికలోకి రావు. కంప్యూటరు నిద్రపోయే ముందు తన జ్ఞాపకాన్ని డిస్కులో భద్రపరచుకునే ఫైలు అటువంటిది. విండోస్‌లో అది సాధారణంగా మెమరీలో 40 శాతం, అనగా 16 గిగాబైట్ల మెమరీ ఉన్న యంత్రంలో ఆరు గిగాబైట్లకు పైమాట. మెమరీ చాలనప్పుడు వాడుకునే పేజ్ ఫైలు మరొకటి. 2019 నుండి విండోస్ తన అప్‌డేట్ల కోసం సుమారు ఏడు గిగాబైట్లు ముందుగానే కేటాయించుకుంటున్నది. ఇవన్నీ న్యాయమైన ఖర్చులే. వీటిని కదిలించనవసరం లేదని నా అభిప్రాయం.

కదిలించదగినవి వేరే ఉన్నాయి. విండోస్ పెద్ద అప్‌డేట్ చేసుకున్నప్పుడు పాత విండోస్ మొత్తాన్ని 'విండోస్ ఓల్డ్' అన్న ఫోల్డరులో ఉంచుతుంది. సాధారణంగా పది రోజులకు తానే తొలగిస్తుంది. తొందరైతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్ తెరిచి తీసివేయవచ్చు. కాని ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డరు కూడ ఉంటుంది. దాని ఎదుట టిక్కు పడితే బ్యాంకు కాగితాలు, పన్ను రిటర్నులు కూడ చెత్తతో పాటే పోతాయి. రిస్టోర్ పాయింట్లు ఆక్రమించే చోటును సిస్టమ్ ప్రొటెక్షన్ అన్న చోట తగ్గించుకోవచ్చు.

మన కుటుంబాలలో అన్నిటికంటె పెద్ద దొంగ మాత్రం పాత ఐఫోను బ్యాకప్. ఎప్పుడో కంప్యూటరుకు తగిలించినప్పుడు తీసుకున్న నకలు మొబైల్‌సింక్ అన్న ఫోల్డరులో సామాన్యంగా కంటబడకుండా కూర్చుంటుంది. ఫోనుకొక నకలు. ఫోను మార్చినా, అమ్మివేసినా పాత నకలు ఎక్కడికీ పోదు. నలుగురున్న ఇంట్లో మూడు నాలుగేళ్ళకొకసారి ఫోన్లు మారితే ఎన్ని పోగుపడతాయో మీరే లెక్కవేసుకోండి. ఒక్కొక్కటి పదుల గిగాబైట్లు ఉండవచ్చు. మాక్‌లో స్టోరేజ్ పట్టికలో 'ఐఓఎస్ ఫైల్స్' అన్న వరుసలోను, విండోస్‌లో ఐట్యూన్స్ లేదా ఆపిల్ డివైసెస్ అన్న ప్రోగ్రాములోను వీటి జాబితా దొరుకుతుంది. తీసివేసే ముందు ఒక్క మాట: ఆ ఫోనులోని ఫోటోలు మరొకచోట ఉన్నాయని రూఢి చేసుకోండి. ఒక్కొక్కప్పుడు ఆ నకలే ఏకైక ప్రతి అయి ఉంటుంది.

ఏది ఎంత మింగిందో తెలుసుకోవడానికి విండోస్‌కు విన్‌డిర్‌స్టాట్, మాక్‌కు గ్రాండ్‌పర్‌స్పెక్టివ్ వంటి ప్రోగ్రాములు ఉన్నాయి. ఇవి డిస్కు మొత్తాన్ని రంగురంగుల గడులుగా గీసి చూపుతాయి. పెద్ద ఫైలుకు పెద్ద గడి. పొలాల పటం చూసినట్లు ఉంటుంది. విండోస్‌లో దానిని అడ్మినిస్ట్రేటరుగా నడిపితేనే దాచిన భాగాలు చాలవరకు బయటపడతాయి.

తీసివేసినా చోటు పెరగలేదన్న ఫిర్యాదు కూడ తరచు వింటాము. ఫైలు ముందు చెత్తబుట్టలోకి వెళ్తుంది. బుట్ట ఖాళీ చేసేవరకు చోటు తిరిగి రాదు. ఆపిల్ ఫోటోస్‌లో తొలగించిన బొమ్మ మరి 30 రోజులు 'రీసెంట్లీ డిలీటెడ్'లో ఉంటుంది. టైమ్ మెషీన్ వాడే మాక్‌లలో డిస్కు నకళ్ళు 24 గంటల వరకు అక్కడే నిలిచి ఉంటాయి. అవి గడిచేవరకు ఫైలు పట్టిన చోటు వదలదు. ఈ ఆలస్యాన్ని అర్థం చేసుకోక, చాలలేదనుకొని మరిన్ని ఫైళ్ళు తీసివేసేవారు ఉన్నారు.

ఇంతకంటె ప్రమాదం మేఘాల వంటి క్లౌడ్‌తో. ఐక్లౌడ్ ఫోటోస్ వాడుతూ కంప్యూటరులో ఒక బొమ్మ తీసివేస్తే, అది ఫోనులోను, ఇంట్లోని ఐప్యాడులోను కూడ పోతుంది. చోటు కావాలంటే తొలగించవద్దు. మాక్‌లో 'ఆప్టిమైజ్ మాక్ స్టోరేజ్', వన్‌డ్రైవ్‌లో 'ఫ్రీ అప్ స్పేస్' ఎంచుకోండి. అసలు ఫైలు క్లౌడ్‌లో ఉండి, కంప్యూటరులో దాని గుర్తు మాత్రం మిగులుతుంది. అప్‌డేట్లను కూడ గుడ్డిగా నమ్మరాదు. 2018 అక్టోబరులో కొందరి సొంత ఫైళ్ళే మాయమైనట్లు ఫిర్యాదులు రాగా, మైక్రోసాఫ్ట్ ఆనాటి విండోస్ 10 అప్‌డేట్ పంపిణీని నిలిపివేసింది.

కావున ఏది తొలగించే ముందైనా ఫోటోలను ఒక బయటి డిస్కుకు ఎక్కించి, అక్కడ నాలుగైదు తెరిచి చూడాలి. ఆ డిస్కు విండోస్‌లోను, మాక్‌లోను పనిచేయాలంటే దానిని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేయడం సులభం. అయితే పెద్ద డిస్కులపై ఎక్స్‌ఫ్యాట్ గడి సాధారణంగా 128 కిలోబైట్లు ఉంటుంది. ఒక గడిలో ఒక ఫైలుకే చోటు. ఒక కిలోబైటు ఉత్తరమైనా గడి మొత్తం పడుతుంది. ఫోటోలకు, వీడియోలకు ఈ నష్టం లెక్కలోనిది కాదు. వేలకొద్ది చిన్న ఫైళ్ళు ఉంటే వాటిని ఒకే జిప్ ఫైలుగా కట్టి ఎక్కించండి.